అవతలకి తిప్పితే అలుగుతుంది

ఛానెల్ పోయిన రోజు ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా ఏడవలేదు. అంతకు కొన్ని నెలల ముందే అందరూ ఏడ్చి ఉన్నారు. పొద్దున్నే దుకాణం తలుపు తీసి ఫోను చూసుకున్న కొడుకుకి ఛానెల్ పేరు మారిపోయి కనిపించింది. కుట్టుమిషన్ల వీడియోలన్నీ మాయమై, ఎవడో పరాయివాడు అక్కడ ఏవేవో అమ్ముకుంటున్నాడు. ముందురోజు వచ్చిన దొంగ సందేశమొకటి నిజమనుకుని నొక్కినందుకు అదీ ఫలితం. వీడియోలదేముంది, మళ్ళీ తీసుకోవచ్చు. కానీ వాటిలో, కెమెరాకి కనపడకుండా పక్క మిషను దగ్గర కూర్చుని, కుట్టుకుంటూ తనలో తను మాట్లాడుకునే అమ్మ గొంతు ఉంది. ఛానెల్‌లో ఉన్నాయి కదా అన్న ధీమాతో, ఫోనులో చోటు చాలక, వాడు పాతవన్నీ ఎప్పటికప్పుడు తుడిచేసేవాడు. అమ్మ పోయాక మిగిలింది ఆ గొంతొక్కటే. అదీ పోయింది.

"పోయిందా?" అన్నాడు నాన్న.

"పోయింది నాన్నా."

ఆ తరవాత ఆయన ఆ సంగతి ఎత్తలేదు. నాలుగు తిట్టి ఉంటే వాడికి తేలికగా ఉండేది.

ఆ తరవాతి సంగతులు మీకు తెలుసు. వాడు కొత్త ఛానెల్ పెట్టాడు. చూసేవాళ్ళు వాడికి, మిషనులో కింది దారం చుట్టే కండె పేరే, బాబిన్ అని పెట్టారు. పాత ఛానెల్ రోజుల్లోనే పరిచయమైన రష్యన్ అమ్మాయి కొత్తదాన్ని కూడా వెతుక్కుంటూ వచ్చింది. ఆమె తన దేశంలో ఒక నాటకశాలలో దుస్తులు కుడుతుంది. 'నా మిషనూ మీ మిషనూ ఒకటే రకం' అన్న ఆమె మొదటి పలకరింపు పెరిగి పెరిగి, వాడు విమానమెక్కేదాకా వచ్చింది. బయల్దేరేటప్పుడు నాన్న అన్నది ఒకే మాట. "ఆ పిల్ల మిషను పాడైందన్నావుగా. వెళ్ళి బాగుచేసి రా. మిగతా సంగతి తరవాత చూద్దాం." మిషన్లు బాగుచేసి బతికిన మనిషి నోట అది పెళ్ళిచూపులకి ఒప్పుకోవడం కిందే లెక్క అని అక్క తేల్చింది. పోయినవారం మనం బాబిన్‌ని విమానాశ్రయంలో, పని మధ్యలోంచి పరుగెత్తుకొచ్చి, మెడలో కొలత టేపు తీయడం మరిచిపోయిన ఆ అమ్మాయి ఎదుట వదిలిపెట్టాం.

కుట్టుగది నాటకశాల వెనకాల మెట్లు దిగితే వస్తుంది. సగం నేలలోకి ఉండటంవల్ల కిటికీల్లోంచి దారిన పోయేవాళ్ళ బూట్లు తప్ప ఇంకేమీ కనపడవు. పొడవాటి బల్లలు, బల్ల అంచున అరిగిపోయిన కొలతగీతలు, తడిగుడ్డ మీద ఇస్త్రీపెట్టె పెట్టినప్పటి ఆవిరి వాసన. గోడ వెంట తలలేని బొమ్మలు దుప్పట్లు కప్పుకుని, అలిగి పడుకున్న చుట్టాల్లా నిలబడి ఉన్నాయి. దుప్పట్ల కింద రాబోయే నాటకం దుస్తులు. తెర లేచేదాకా వాటిని బయటివాళ్ళు చూడకూడదు.

ఆ గదికి పెద్ద ఒక ముసలావిడ. నడుముకి కట్టుకున్న నాడాకి మూరెడు కత్తెర వేలాడుతూ ఉంటుంది. అమ్మాయి మాటల్లో ఆవిడ పేరు పెద్దకత్తెర. బాబిన్ ఫోను తీయగానే ఆవిడ ఏదో అంది. అమ్మాయి నవ్వాపుకుంటూ ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది. "మిషను చూపించుకో, నీ ఇష్టం. బొమ్మల వైపు తిప్పావంటే మాత్రం దారం తుంచినట్టు తుంచేస్తానంటోంది."

"నన్నా, ఫోనునా?"

"అది చెప్పలేదు."

వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది ఇంగ్లీషే. అదీ ఇద్దరికీ అరకొరగా వచ్చిన ఇంగ్లీషు. చాలనిచోట చేతులు. ఆ చేతులంటేనే ఛానెల్‌లో అందరికీ పిచ్చి. తన మొహం జనానికి చూపించనని అమ్మాయి మొదట్లోనే చెప్పింది. బాబిన్ సరేనన్నాడు. అందుకని వీడియోల్లో కనిపించేవి ఆమె చేతులే. చూపుడువేలి మీద సూదిపోట్ల మచ్చలు, బొటనవేలికి తోలు తొడుగు. చూసేవాళ్ళు ఆమెకి చేతులమ్మాయి అని పేరు పెట్టేశారు.

దారపు రీళ్ళు దొంతరగా పేర్చి, దానికి ఫోను ఆనించి, లైవు మొదలుపెట్టాడు బాబిన్. ఇక్కడ మధ్యాహ్నం. ఇంటి దగ్గర దీపాలు పెట్టే వేళ.

"నమస్కారం! సూదీ దారం ఉన్న ప్రతి ఇంటికీ నమస్కారం! మీ బాబిన్ ఇప్పుడెక్కడున్నాడో చూడండి. చూశారా? చూడలేదా? అయితే చూడండి!"

ఉత్సాహం పట్టలేక వాడు అన్న మాటే మళ్ళీ అంటున్నాడు. తెర మీద మాటలు వరసకట్టాయి.

'బావగారూ, మిషను సంగతి తరవాత, ముందు మా చెల్లెమ్మని చూపించండి.' ఇది పరుపులు కుట్టే ఒకాయన.

'చేతులు కనపడ్డాయి! చేతులు కనపడ్డాయి!'

'గోళ్ళు పొట్టిగా కత్తిరించుకుంది, పనిచేసే పిల్ల. మా కోడలికి చూపిస్తున్నాను' అని ఒక పెద్దావిడ. ఆ కిందనే, 'చూపించారు లెండి అత్తయ్యా' అని ఆ కోడలు.

'ఒరేయ్, పై గుండీ పెట్టుకో. అంతదూరం పోయి మా పరువు తీయకు.' ఇది అక్క. ఇప్పుడు దుకాణంలో కుట్టుపని అక్కదే. ఫోను అద్దానికి ఆనించుకుని, కుట్టుకుంటూనే తమ్ముణ్ణి చూస్తోంది. వెనకాల మూల నాన్న ఉన్నాడని బాబిన్‌కి తెలుసు. స్టూలు మీద అటు తిరిగి కూర్చుని ఏదో మిషనుకి మరలు బిగిస్తూ ఉంటాడు. చూడడు. వినడం లేదని మాత్రం ఎవరూ చెప్పలేరు.

బాబిన్ గుండీ పెట్టుకున్నాడు. తెరంతా నవ్వు బొమ్మలు.

"ఇదిగో మన రోగి" అని మిషను మీద చెయ్యి వేశాడు. నల్లటి పాత మిషను, మెడ మీది బంగారు పువ్వులు సగం చెరిగిపోయాయి. "గది మొత్తంలో మందపాటి ఉన్ని కోటు కుట్టగలిగేది ఇదొక్కటే. పోయిన చలికాలం ఇది బిగుసుకుపోయింది. ఎందుకు బిగుసుకుపోయిందంటే, ఒకరు దీనికి వంటనూనె పోశారు. నూనె నూనే కదా అనుకుని."

చేతులమ్మాయి కుడిచెయ్యి తెరలోకి వచ్చి, నేనే అన్నట్టు పైకి లేచింది. చెంపలేసుకుంటున్నట్టు రెండు చేతులూ గాల్లో ఆడించింది. తెర మీద నవ్వులు పొంగిపొర్లాయి. 'పోనీలెండి పాపం, మా ఆయన కొబ్బరినూనె పోశాడు' అని ఎవరో.

వచ్చిన దగ్గర్నుంచి బాబిన్ ఆ మిషనుని ముక్కముక్కా విప్పాడు. జిగురులా గడ్డకట్టిన నూనెని కిరోసిన్‌తో కరిగించి, పాత పళ్ళబ్రష్షుతో తోమి, మళ్ళీ బిగించాడు. ఇక మిగిలింది నడిపి చూడటమే. దుప్పటి కింద ఒక కోటు ఎడమ చెయ్యి లేకుండా ఎదురుచూస్తోంది. మిషను తిరిగితే కోటు పూర్తవుతుంది. బాగుచేశాను నాన్నా అని ఇంటికి చెప్పవచ్చు. మిగతా సంగతి అప్పుడు చూద్దామన్నాడుగా ఆయన.

దారం ఎక్కించాడు. ఉన్ని పీలిక పెట్టి, గుడ్డని నొక్కిపట్టే ఇనప పాదం దించాడు. చక్రం తిప్పాడు. సూది మెల్లగా దిగి, లేచింది. మళ్ళీ దిగింది. టక్. టక్. టక్. వరసగా కుట్టు పడింది.

"తిరిగింది!" అని ఎగిరి గంతేశాడు బాబిన్. అమ్మాయి చప్పట్లు కొట్టింది. పెద్దకత్తెర కూడా కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, కుట్టు మీద గోరు పెట్టి రాసి చూసి, పెదవి విరవకుండా వెళ్ళిపోయింది. ఆవిడ దగ్గర అది మెడల్ కింద లెక్క.

తెర మీద చూసేవాళ్ళ లెక్క కొత్త ఛానెల్ ఎన్నడూ చూడనంత పెరిగింది. ఆ లెక్క చూడగానే వాడికి ఒళ్ళు తెలియలేదు. మొహం ఫోను వైపు పెట్టి, ఒక చెయ్యి గాల్లో ఊపుతూ, రెండో చెయ్యి చక్రం మీద వేశాడు. "మీ బాబిన్ చెయ్యి పడితే తిరగని చక్రం ఉంటుందా అండీ? చూడకుండా తిప్పుతాను, చూడండి!"

తిప్పాడు. అవతలకి.

ఆ మిషన్లు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. చక్రం ఎప్పుడూ కూర్చున్నవాళ్ళ వైపుకే తిరగాలి. అవతలకి తిప్పితే కింద దారం చుట్టుకుని చిక్కుపడుతుంది. పనివాళ్ళు మొదటి రోజు నేర్చుకునే పాఠం అది.

అమ్మాయి అప్పటికే పీలిక మీదకి వంగి ఉంది. తలెత్తకుండానే, పనిలో ఉన్నవాళ్ళు తమకి తెలియకుండా కూనిరాగం తీసినట్టు, అంది.

"నీ వైపుకి తిప్పు నాయనా. అవతలకి తిప్పితే అలుగుతుంది."

తెలుగులో అంది.

తెలుగు మాట అయినందుకు కాదు బాబిన్ గుండె గుభేలుమన్నది. 'నాయనా' దగ్గర కాస్త సాగదీసి, 'అలుగుతుంది' దగ్గర నవ్వు దాచుకుని అన్న ఆ తీరు. చిన్నప్పుడు స్టూలు మీద నిలబెట్టి వాడి చెయ్యి చక్రం మీద వేసినప్పుడు అమ్మ అన్న తీరే అది. వాడు కొయ్యబారిపోయాడు. మనిషి కొయ్యబారాడు గాని, చెయ్యి అదే ఊపులో ఇంకో చుట్టు తిప్పేసింది.

కటక్.

లోపల ఏదో విరిగిన చప్పుడు. చక్రం ఆగిపోయింది.

తెర మీద మాటలు ఎగబడ్డాయి. అన్నీ ఒక్కసారే.

'ఏంటా చప్పుడు?'

'చేతులమ్మాయికి తెలుగొచ్చా!'

'అలుగుతుందట! అలుగుతుందట!'

'ఇంతసేపూ మనం రాసినవన్నీ ఆ పిల్లకి అర్థమయ్యాయా? అయ్యబాబోయ్' అని పరుపులాయన.

వాటి మధ్యలో అక్క మాట. నవ్వు బొమ్మలూ లేవు, కసుర్లూ లేవు.

'ఒరేయ్. ఆ మాట ఎవరన్నారు?'

వెంటనే ఇంకోటి.

'నాన్న చేతిలోంచి మర జారింది. లేచి నా వెనక్కి వచ్చి నించున్నాడు.'

బాబిన్ అమ్మాయి వైపు తిరిగాడు. "ఇప్పుడేమన్నావు?"

"ఎప్పుడు?"

"నేను చక్రం తిప్పుతుంటే."

"అదా? మిషను మాట" అంది ఆమె, అందులో వింతేముందన్నట్టు. "ఈ రకం మిషనుతో మాట్లాడే మాటలు. నీ పాత వీడియోల్లో ఉంటాయిగా. నాకు చాలావాటికి అర్థాలు తెలియవు. ఎప్పుడు ఏది అనాలో తెలుసు." వేళ్ళతో గాల్లో గుడ్డ జరుపుతూ చూపించింది. "మొదలుపెట్టేటప్పుడు, రా తల్లీ రా. మందం వచ్చినప్పుడు, మెల్లగా, తొందరేం లేదు. మూల తిరిగేముందు, ఇదిగో మలుపొచ్చింది, ఊపిరి పీల్చుకో. తిరిగాక, ఇక పద."

ఒక్కొక్క మాటా బాబిన్‌కి ఈ చెవిలోంచి ఆ చెవిలోకి కాదు, సూటిగా గుండెలోకి దిగింది. అమ్మ రోజంతా మిషనుతో అలాగే మాట్లాడేది. ఇంట్లో అందరూ వేళాకోళం చేసేవారు. నాతో కన్నా దానితోనే ఎక్కువ మాట్లాడతావు అని నాన్న. అది ఎదురుచెప్పదు మరి అని అమ్మ.

"పాత వీడియోలు నీకెక్కడివి? అవి లేవు. ఎక్కడా లేవు."

అమ్మాయి మొహంలో నవ్వు తగ్గింది. "నా దగ్గర ఉన్నాయి. అప్పట్లో ఈ గదిలో నెట్ వచ్చేది కాదు. ఇంటి దగ్గర దింపుకుని తెచ్చుకునేదాన్ని. ఉన్ని కోట్లు కుట్టడం ఎవరి దగ్గర నేర్చుకున్నాననుకున్నావు? ఆమె దగ్గరే. పక్కన పెట్టుకుని, ఆ చప్పుడు వింటూ, ఆమె కుడుతుంటే నేనూ కుట్టేదాన్ని."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"ఆమె పోయిందన్నావు. తరవాత కొత్త ఛానెల్ పెట్టానన్నావు. అందులో ఆమె గొంతు లేదు. వినలేక నువ్వే తీసేశావనుకున్నాను. తీసేసినవాణ్ణి పట్టుకుని, నా దగ్గరున్నాయి వింటావా అని ఎలా అడగను?"

ఛానెల్ ఎలా పోయిందో ఆమెకి చెప్పుకోవడానికి వాడికి సిగ్గేసింది. అడగడానికి ఆమెకి మొహమాటమేసింది. ఇద్దరి మధ్యా, ఇన్నాళ్ళూ, బల్ల సొరుగులో ఆ గొంతు పడి ఉంది.

ఆమె సొరుగు లాగింది. సుద్దముక్కలూ గుండీలూ ఉన్న డబ్బాల కింద నుంచి, అంచులు చిట్లిన పాత ట్యాబ్లెట్ తీసింది. తుడిచి, వాడి చేతిలో పెట్టింది.

లైవు నడుస్తూనే ఉంది. వాళ్ళ మాటలు సగం అర్థమై, సగం ఊహించుకుని, చూసేవాళ్ళు ఊగిపోతున్నారు.

'అమ్మగారి గొంతు దొరికిందా!'

'వినిపించండి బాబిన్! పాత ఛానెల్ రోజుల నుంచీ ఉన్నవాళ్ళం. ఆవిడ మాటలు వింటూ కుట్టుకునేవాళ్ళం.'

'పెట్టండి, పెట్టండి, కళ్ళు చెమ్మగిల్లుతున్నాయి.'

లెక్క గబగబా పెరుగుతోంది. పోయిన పాత ఛానెల్‌కి కూడా ఒకేసారి ఇంతమంది వచ్చింది లేదు. బాబిన్ చెయ్యి దానంతటదే ట్యాబ్లెట్‌ని ఫోను దగ్గరికి తీసుకెళ్ళింది. చేసేది తప్పని కూడా వాడికి తోచలేదు. సంతోషం వచ్చినా దుఃఖం వచ్చినా ముందు ఫోనుకి చూపించడం అలవాటైపోయింది వాడికి.

అప్పుడు జేబులో రెండో ఫోను మోగింది. అక్క నంబరు. గొంతు అక్కది కాదు.

"ఏరా."

బాబిన్ ఉన్నచోటే నిలుచుండిపోయాడు. వచ్చిన దగ్గర్నుంచి నాన్న మాట్లాడటం ఇదే మొదలు.

"నాన్నా..."

"అది నాకు ముందా? ఊరికి ముందా?"

ఆయన గొంతు పెంచలేదు. పెంచే మనిషి కాదు. బాబిన్ తెర వైపు చూశాడు. అన్ని వేలమంది. ఒక్కొక్కరూ తనవాళ్ళే అనిపించేవాళ్ళు. తరవాత చేతిలోని ట్యాబ్లెట్ చూశాడు.

"ఇవాళ్టికి ఇంతేనండీ" అన్నాడు లైవు వైపు వంగి. "మిషను నా చేతిలోనే విరిగింది, చూశారుగా. బాగుచేశాక వస్తాను. రెండోది... అది మా ఇంటిది."

'అయ్యో బాబిన్!' అని మాటలు లేస్తుండగానే, చేతులమ్మాయి అరచెయ్యి చాచి కెమెరా మీద పెట్టింది. ఆ సాయంత్రం జనం చివరిగా చూసింది ఆ అరచేతినే.

నాన్న వింటున్న ఫోనుకి ట్యాబ్లెట్ దగ్గరగా పట్టుకుని, బాబిన్ ఒక వీడియో నొక్కాడు. తెర మీద వాడి చేతులే, ఏదో మిషను విప్పుతున్నాయి. పక్కనుంచి టకటకా కుట్టు చప్పుడు. ఆ చప్పుడు మీద ఆ గొంతు.

"... రా తల్లీ రా. మెల్లగా. ఈయనగారి భుజం సంగతి నీకు తెలియదు. మిషన్లు మోసి మోసి ఎడమపక్క జారిపోయింది మహానుభావుడిది. అందరికీ పెట్టినట్టు చెయ్యి పెడితే చంకలో పట్టేస్తుంది. ఇక్కడ, ఇదిగో, రెండు వేళ్ళు వదలాలి. టేపు పెడితే భుజం బిగబట్టుకుంటాడు. వేళ్ళు పెడితే మాట వింటాడు. ఊపిరి పీల్చుకో. ఇక పద..."

ఫోనులో అక్క ముక్కు ఎగబీల్చడం వినిపించింది.

"ఆపు" అన్నాడు నాన్న.

ఆపాడు.

కాసేపటికి, "మళ్ళీ పెట్టు" అన్నాడు.

మళ్ళీ పెట్టాడు. పూర్తయ్యాక ఆయన గొంతు సవరించుకున్నాడు. "రెండు వేళ్ళా... నేను ఒక వేలనుకున్నాను."

ఆ మాట బాబిన్‌కీ అక్కకీ అర్థమైంది. అమ్మ చివరిగా కుడుతున్నది నాన్న చొక్కా. కుడిచెయ్యి కుట్టింది. ఎడమది పాదం కింద పెట్టి, మంచినీళ్ళు తాగి వస్తానని లేచింది. మళ్ళీ కూర్చోలేదు. చొక్కా ఇప్పటికీ అలాగే పాదం కింద ఉంది. నేను కుడతాను నాన్నా అని అక్క ఎన్నిసార్లు అడిగినా ఆయన ఊఁ అనలేదు. ఎవరు కుట్టినా ఆ భుజానికి కుదరదు, కుదరని చొక్కా అమ్మది అనిపించుకోదు అన్నది ఆయన బాధ అని వాడికి ఇప్పుడు తెలిసింది.

ఏం జరుగుతోందని అమ్మాయి అడిగింది. బాబిన్ చెప్పాడు. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, లేచి వెళ్ళి, గోడ పక్కన ఒక బొమ్మ మీది దుప్పటి తీసేసింది. ముదురు బూడిదరంగు ఉన్ని కోటు. కుడి చెయ్యి ఉంది, ఎడమవైపు చంక ఖాళీగా తెరుచుకుని ఉంది. ఎడమ భుజం కిందికి జారి ఉంది.

"ఈ వేషం వేసే ఆయనకి భుజం ఇలాగే ఉంటుంది. మీ అమ్మ చెప్పినట్టే వదిలాను. పాత ఛానెల్ రోజుల్లో ఆ ముక్కకి అర్థం నిన్నే అడిగాను" అని రెండు వేళ్ళు ఆ భుజం మీద ఆనించింది. "కానీ ఆమె వేళ్ళు ఎంత లావో నాకు తెలియదు. వీడియోలో కనపడవుగా. ఎన్నిసార్లు విప్పానో."

బాబిన్ చెప్పింది విని నాన్న, "ఆ పిల్ల వేళ్ళు చూపించమను" అన్నాడు.

వీడియో కాల్ కలిపారు. ఇటు అక్క భుజం మీంచి నాన్న మొహం, మాసిన గడ్డం. అటు చూపించడానికి బాబిన్ ఫోనుని ఆమె చేతుల మీదికి వంచాడు. నాన్న కళ్ళు చికిలించి చూశాడు. ఆ సూదిపోట్ల మచ్చలు చాలాసేపు చూశాడు.

అప్పుడు ఎవరూ అడక్కుండానే అమ్మాయి వాడి చేతిలోంచి ఫోను తీసుకుని, తన మొహానికి ఎదురుగా పెట్టుకుంది. జుట్టులో దారప్పోగులు, ముక్కు మీద సుద్ద మరక. నాన్న తడబడ్డాడు. ఏదో అనబోయాడు. మొదటి మాటే రెండు మూడుసార్లు మొదలుపెట్టి ఆపేశాడు.

ఆమెకి పలకరించాలని ఉంది. వచ్చిన తెలుగు నాలుగు ముక్కలు. వాటిలోంచే వెతుక్కుని, పెద్దాయన అవస్థ చూసి, తగినదనిపించినది తీసింది.

"మెల్లగా. తొందరేం లేదు" అంది. "ఊపిరి పీల్చుకో."

అక్క చేత్తో నోరు మూసుకుంది. బాబిన్ నాలుక్కరుచుకున్నాడు. నాన్న తెల్లబోయి చూశాడు. తరవాత ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకున్నారు పిల్లలిద్దరూ. కాదు, నవ్వుతున్నాడు. అమ్మ పోయాక ఆ ఇంట్లో వినపడని నవ్వు, గొంతులోంచి తుప్పు రాలుతున్నట్టు బయటికొస్తోంది.

"పీల్చుకున్నానమ్మా" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "పీల్చుకున్నాను. ఆ వెధవకి చెప్పు, మిషను విరగ్గొట్టి ఆ మొహమేంటని."

బాబిన్‌కి ప్రాణం లేచొచ్చింది. మిషనుని పక్కకి వాల్చి, కింది మూత తీసి, చిక్కుపడ్డ దారం కోసి, లోపలి షటిల్ బయటికి తీశాడు. కొడవలిలా వంపు తిరిగిన ఉక్కుముక్క అది. కింది దారాన్ని పట్టి పైదారంతో ముడివేసేది అదే. దాని మొన విరిగిపోయింది. ఫోనుకి ఎదురుగా పట్టుకున్నాడు.

నాన్న చూడగానే పెదవి విరిచాడు. "సాన పడితే నిలబడదు. కొత్తది వేయాల్సిందే. ఈ రకానిది చేయడం మానేసి నీ వయసంత అయింది."

"ఎక్కడా దొరకదా నాన్నా?"

"దొరికేదైతే నేను నవ్వుతానా? తిట్టేవాణ్ణి."

"ఒకటుందిగా..." అంది అక్క. అనేసి, నోటి మీద చెయ్యి వేసుకుంది.

ఎక్కడుందో ముగ్గురికీ తెలుసు. నా మిషనూ మీ మిషనూ ఒకటే రకం అని ఆ అమ్మాయి మొదట్లోనే రాసింది.

నాన్న ఫోను అక్క చేతిలోంచి తీసుకున్నాడు. తెర మీద దుకాణం కప్పు, గోడ, వేలాడుతున్న గుడ్డలు ఊగుతూ కదిలాయి. తరవాత అమ్మ మిషను. దాని మీద ధూళి లేదు. రోజూ ఎవరో తుడుస్తున్నారు. పాదం కింద లేతనీలం చొక్కా.

అప్పుడే మెట్లు దిగి వచ్చింది పెద్దకత్తెర. వాల్చిన మిషను, విరిగిన ముక్క, దుప్పటి తీసిన బొమ్మ. నోరు తెరిచింది. అరవబోయింది. ఫోనులో కనిపిస్తున్న చొక్కా చూసి ఆగింది. భాష తెలియకపోయినా, ఒంటిచేతి చొక్కా మిషను మీద ఎందుకు ఆగిపోతుందో ఆ వయసులో ఆవిడకి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. కత్తెర చప్పుడు చేయకుండా చేత్తో పట్టుకుని నించుంది.

"షటిల్ తీస్తాను" అన్నాడు నాన్న. "పోస్టులో మాత్రం వెయ్యను."

"మరెలా పంపిస్తావు?" అంది అక్క.

ఆ అమ్మాయి రెండు వేళ్ళూ తన భుజం మీద పడాలంటే ఆ పిల్లైనా ఇటు రావాలి, తనైనా అటు వెళ్ళాలి అని నాన్నకి తెలుసు. జీవితంలో విమానం ఎక్కని మనిషి.

"ఏమంటున్నారు?" అని అమ్మాయి బాబిన్ చెయ్యి గిల్లింది. వాడికి ఇంగ్లీషు గుర్తు రాలేదు.

తెరలో ముడతలు పడ్డ చెయ్యి ఒకటి ముందుకు వచ్చింది. షటిల్ తీయాలంటే చొక్కా తీయాలి. చొక్కా తీయాలంటే పాదం లేపాలి. అమ్మ దించిన పాదం అది. నాన్న వేలు మీట మీద ఆనింది. ఆని, అక్కడే ఉంది.

ఇక్కడ కోటుకీ, అక్కడ చొక్కాకీ, ఎడమ చెయ్యి ఇంకా కుట్టలేదు.